టేబుల్ మేస్త్రి ఏమీ తీయలేదు

మొన్న బుధవారం పొద్దున టేబుల్ మేస్త్రి పోయారని ఫోన్ వచ్చింది. హిందూపురంలో నేను కెమిస్ట్రీ చెప్పే జూనియర్ కాలేజీలో అప్పుడు సెకండియర్ పిల్లలకు ప్రాక్టికల్స్ జరుగుతున్నాయి. ఫోన్ చేసింది ఆయన కూతురు, ధర్మవరం నుంచి.

“అక్కా, నాయన పోయినాడు. తెల్లారుజామున. మా ఊరికి తీస్కపోతాండాం,” అంది. “నువ్వొస్తావా?” అని అడిగింది.

ఆ గొంతులో ఏడుపు లేదు. ఏడ్చి ఏడ్చి ఆగిన గొంతూ కాదు. ఇచ్చిన మాట మీద ఈమె నిలబడుతుందా లేదా అని తేల్చుకోవడానికి అడిగినట్టుంది. వస్తానన్నాను. అన్నాక కూడా పీరియడ్ అయ్యేదాకా ల్యాబ్‌లోనే ఉన్నాను. పిల్లల రికార్డుల మీద సంతకాలు పెట్టాను. పక్క సెక్షన్ మేడమ్‌కు అప్పగించి అప్పుడే బయల్దేరి ఉండవచ్చు. ఆయన పని అనేసరికి నాకెప్పుడూ ఇంకో పని అడ్డం వచ్చేది. ఆ రోజూ వచ్చింది.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఆ పేరు నలుగురిలో చెడిపోతుంటే నోరు మూసుకుని కూర్చున్నదాన్ని. ఇప్పుడు అదే పేరును నా రాతలో వాడుకోవడానికి చేయి రావడం లేదు. అందరూ ఆయన్ను టేబుల్ మేస్త్రి అనేవారు, నేను మామా అని పిలిచేదాన్ని. ఇది చదివేవాళ్లకు ఆ రెండూ చాలు.

పెనుకొండకూ ధర్మవరానికీ మధ్య కొండల వారన, ఎప్పుడో మూతపడిన బంగారు గని ఒకటి ఉంది. అప్పట్లో తవ్వినవాళ్లు రాతిని పొడి చేసి, దొరికినంత బంగారం తీసుకుని, మిగిలిన పొడిని దిబ్బలుగా పోసి వెళ్లిపోయారు. ఆ దిబ్బల్లో ఇంకా కాస్త బంగారం మిగిలి ఉందని, దాన్ని మళ్లీ కడిగి తీయవచ్చని, పద్దెనిమిదేళ్ల కిందట ఒక చిన్న ప్రైవేటు కంపెనీ వచ్చి రేకుల షెడ్డు వేసింది. నేను అప్పుడే బీయస్సీ పూర్తి చేసి పెనుకొండలో ఇంట్లో ఉన్నాను. నాన్న లేడు. అమ్మ బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండేది. షెడ్డు పక్క గదిలో ల్యాబ్ అని బోర్డు పెట్టి నన్ను కెమిస్టుగా తీసుకున్నారు. అమ్మ ఆ ఆదివారం చర్చిలో అందరికీ చక్కెర పంచింది.

టేబుల్ అంటే మంచం కన్నా పెద్దదైన ఏటవాలు బల్ల. దాని మీద పొడుగునా సన్నటి బద్దలు కొట్టి ఉంటాయి. మోటారు ఆ బల్లను ముందుకు మెల్లగా తోసి, వెనక్కి చటుక్కున లాగుతుంటుంది. దిబ్బ మట్టిని నీళ్లలో కలిపి ఒక మూల నుంచి వదులుతారు. తేలిక ఇసుక నీళ్ల వెంట బద్దలు దాటుకుని కిందికి జారిపోతుంది. బరువైనది బద్దల చాటున అడుక్కు అంటుకుని, ఒక్కో కుదుపుకూ ఇంచెడు ముందుకు నడిచి, అవతలి మూలకు చేరుతుంది. నల్లటి ఇసుక అంచున దారమంత పసుపు గీత. మందులు లేవు, మంటలు లేవు. నీళ్లు, కుదుపు, బరువు, అంతే. ఆ గీతను చూసి మొదటి రోజు నేను నోరు తెరిచాను. ఆయన పక్కన నిలబడి నవ్వారు.

“రోంత దూరం నిలబడు పాపా. తలకు నూనె పెట్టుకోనొచ్చినావు.”

అది ఆయన పెట్టిన మొదటి రూలు. చేతికి జిడ్డుంటే సన్న బంగారం నీళ్ల మీద తేలిపోతుంది, మునగదు. అందుకని పని రోజుల్లో ఆయన తలకు నూనె రాసుకునేవారు కాదు. జుట్టు ఎప్పుడూ ఎండు గడ్డిలా నిలబడి ఉండేది. షెడ్డులోకి వచ్చేముందు చెప్పులు విడిచి, శీకాయ పొడితో చేతులు రుద్దుకుని, అప్పుడు బల్ల మీద రెండు వేళ్లు ఆనించేవారు. నీళ్లు మందంగా పారుతున్నాయో పలచగా పారుతున్నాయో ఆ వేళ్లతోనే చెప్పేవారు. కొలతలు పుస్తకంలో రాసే తన వల్లే బల్ల నడుస్తోందని షెడ్డు ఇంజినీరు బాబు అనుకునేవాడు గానీ, బల్ల వాలును సరిచేసేది మేస్త్రి వెదురు చీలికలే. మధ్యాహ్నం అందరూ చెట్టు కింద కూర్చుంటే ఆయన మాత్రం బల్ల పక్కనే నిలబడి సంగటి ముద్దా చెనిక్కాయల ఊరిబిండీ తినేవారు. ఎడమ చేత్తో తినేవారు. ఎందుకని అడిగితే కుడిచేయి ఎత్తి చూపించి, “దీనికి నూనె తగలకూడదు కదా,” అన్నారు.

ఆయన నాయన కూడా పాత గనిలో మట్టి కడిగినవాడే. ఆయన దగ్గర్నుంచి వచ్చిన మరిగె, అంటే లోతు తక్కువ చెక్క గిన్నె, ఒకటి ఉండేది. గుప్పెడు మట్టి వేసి, నీళ్లు పోసి, గుండ్రంగా తిప్పుతూ కొంచెం కొంచెంగా వంచుతూ పోతే చివరికి అడుగున బంగారం మిగులుతుంది. నాకూ నేర్పించారు. మొదటి వారం అంతా నేను మట్టితో పాటు బంగారాన్నీ పారబోశాను.

“నువ్వు తోసేస్తాండావు పాపా. తోయొద్దు. తీస్కపొయ్యేది నీళ్ల పని. నువ్వు ఊరికే వంచు.”

వంచడం వచ్చాక ఆయన ఇంకో సంగతి చూపించారు. పారబోసిన బురద నీళ్లను ఒక సత్తు గిన్నెలో పట్టి, చిటికెడు పటిక వేసి, మర్నాటిదాకా కదపకుండా పెట్టారు. మర్నాడు పైన తేరిన నీళ్లు వంచేసి, అడుగున మిగిలిన మీగడలాంటి బురదను మళ్లీ మరిగెలో తిప్పారు. అడుగున కంటికి ఆనీ ఆనని పసుపు పొడి.

“ముతకది మొండిది, యాడ పడితే ఆడ కూర్చుంటాది. సన్నది పిండి మాదిరి. బరువే గానీ దాని బరువు దానికే తెలీదు. నీళ్లు నిలబడేదాకా దిగదు,” అన్నారు.

పాత గని దిబ్బల్లో మిగిలిందంతా ఈ సన్నదే. ముతకది అప్పట్లోనే తీసేసుకున్నారు. అందుకని మేస్త్రి మేనేజర్‌కు పదేపదే ఒకటే చెప్పేవారు. సన్నదాన్నీ ముతకదాన్నీ ఒకే బల్ల మీదికి వదలొద్దు, ముందే వేరు చేసి, సన్నదానికి ఇంకో బల్ల పెట్టి, నీళ్లు తగ్గించి, నిదానంగా నడిపించాల అని. మేనేజర్ పై ఊరి నుంచి వచ్చినాయన, కోపిష్ఠి కాదు, కానీ కాగితం మీద లేనిది నమ్మేవాడు కాదు. “మేస్త్రీ, బల్ల మీంచి జారి వ్యర్థాల చెరువులోకి పోయే నీళ్లను ల్యాబ్ పరీక్ష చేస్తోంది. అందులో ఏమీ లేదని మేడమ్ రిపోర్టు ఇస్తోంది. ఇంకో టేబుల్ ఎందుకు?” అనేవాడు.

ఆ రిపోర్టు నాది. అది తప్పు రిపోర్టు.

ఎలా తప్పయిందో దాచకుండా చెప్పాలి. బల్ల మీంచి జారిపోయే ఇసుక నీళ్లను రోజూ బక్కెట్లలో పట్టి నా గదికి తెచ్చేవారు. ఒక రాత్రంతా నిలబెట్టి, తేరిన నీళ్లు వంచి, అడుగున దిగినదాన్ని ఆరబెట్టి, కొలిమిలో కరిగించి అందులో బంగారం ఎంతో చూడాలి. మొదటి నెల అలాగే చేశాను. తర్వాత బక్కెట్లు పేరుకుపోవడం మొదలైంది. పెనుకొండకు సాయంత్రం బస్సు ఒక్కటే. ఇసుక దిగితే చాలులే అని అరగంటకే, ఇంకా తేరని మబ్బు నీళ్లు వంచేయడం మొదలుపెట్టాను. గదిలో మూల ఉన్న తూములో తెల్లగా, పాలలాగా జారిపోయేవి. సన్నది ఆ నీళ్లలోనే ఉంటుందని మేస్త్రి చూపించి అప్పటికి మూడు వారాలు కూడా కాలేదు. తెలియక చేశానని చెప్పుకునే దారి నాకు లేదు. తెలిసిన సంగతిని ఆ గదిలోకి తెచ్చుకోలేదు, అంతే.

రెండు నెలలకు మేనేజర్ లెక్క తేలడం మానేసింది. దిబ్బ మట్టిలో వచ్చేది ఇంత, బల్ల చివర చేరేది ఇంత, చెరువుకు పోయేది ఇంత. చివరి రెండూ కలిపితే మొదటిదానికి సరిపోవాలి. సరిపోలేదు. మధ్యలో బంగారం మాయమవుతోంది. బల్ల చివర పెట్టిన పెట్టె తాళం మేస్త్రి మొలతాడుకు ఉండేది.

ఒక రోజు ఆయన నా గది గుమ్మం దగ్గర నిలబడ్డారు. లోపలికి రాలేదు.

“పాపా, ఆ మబ్బు నీళ్లు ఎంతసేపు నిలబెడ్తాండావు?”

“నిలబెడ్తాండాలే మామా,” అన్నాను, త్రాసు వైపు చూస్తూ.

ఆయన బక్కెట్ల వైపు ఒకసారి చూసి వెళ్లిపోయారు. పొద్దున్నే నా బక్కెట్లు కడిగేది ఆయనే. రాత్రంతా నిలబెట్టిన బక్కెట్టు అడుగు ఎలా ఉంటుందో ఆయనకు తెలియదా?

తర్వాతి సోమవారం మేనేజర్ నన్ను పిలిచాడు. మేస్త్రి అక్కడే గోడకు ఆనుకుని నిలబడి ఉన్నారు. ఇంజినీరు బాబు కూడా ఉన్నాడు.

“మేడమ్, మేస్త్రి ఏమంటున్నాడంటే, ల్యాబ్‌లో నీళ్లు తొందరగా వంచేస్తున్నారు, బంగారం ఆ నీళ్లలో పోతోంది, అందుకే లెక్క తప్పుతోంది అంటున్నాడు. నిజమేనా?”

ఆ ప్రశ్న నిజంగా తెలుసుకోవడానికే అడిగాడు. అవునని ఒక్క మాట అంటే అయిపోయేది. మహా అయితే తిట్టేవాడు. ఉద్యోగం పోయినా పోయేది. నాకు అమ్మ కనిపించింది, చర్చిలో పంచిన చక్కెర కనిపించింది. మేస్త్రి వైపు చూడలేదు.

“లేదు సార్. రాత్రంతా నిలబెట్టే చేస్తున్నాను.”

బయట బల్ల కుదుపు మాత్రం వినపడుతోంది. మేస్త్రి మొలతాడు విప్పి తాళం తీసి మేనేజర్ బల్ల మీద పెట్టారు. “అట్లయితే ఇంక నేను చెప్పేదేముండాది సార్,” అన్నారు.

ఆ మధ్యాహ్నం ఆయన సంగటి గిన్నె వెతికారు, తువ్వాలు విదిలించి చూశారు. జీపులో ఊరికి పోయి ఇల్లు వెతికారు. పొయ్యి రాళ్లు కూడా పెకలించారట. ఊరంతా చూసింది. ఏమీ దొరకలేదు. దొరకలేదు కాబట్టి అమ్మేసి ఉంటాడన్నారు. పోలీసు కేసు పెట్టకుండా పంపించేయడమే గొప్ప మేలని చెప్పి కాగితం మీద సంతకం చేయించుకున్నారు.

మర్నాడు నేను మబ్బు నీళ్లు పారబోయలేదు. పటిక వేసి, రాత్రంతా నిలబెట్టి, అడుగు బురదను కరిగించి చూశాను. ఉంది. రోజూ మాయమవుతోందన్నది ఆ మీగడలోనే ఉంది. త్రాసు ముందు కూర్చుని ఇంకోసారి తూచాను. అప్పటికైనా లేచి మేనేజర్ గదికి పోవచ్చు. షెడ్డు దాటితే ఇరవై అడుగులు. పోలేదు.

ఆ రోజు నుంచి ప్రతి బక్కెట్టునూ రాత్రంతా నిలబెట్టాను. అంతకంటే ఘోరం ఇంకోటి లేదని నాకు నెల తిరిగాక తెలిసింది. నా పద్ధతి సరికాగానే లెక్కలు సరిపోవడం మొదలైంది. మేస్త్రి పోయాడు, మాయమవడం ఆగింది. ఇంతకన్నా రుజువు ఎవరికి కావాలి? చెరువుకు పోయే బంగారం పెరిగినట్టు కనపడితే, అది కొత్త మేస్త్రికి పని రాక అని మేనేజర్ సర్దుకున్నాడు. నన్ను పిలిచి, “మీ రిపోర్టుల వల్లే దొంగ దొరికాడు మేడమ్,” అన్నాడు. నేను థ్యాంక్స్ చెప్పాను. ఆ మాట నా నోటి నుంచి వచ్చింది. ఇంగ్లీషులో వచ్చినందుకు అప్పుడు కాస్త తేలికగా అనిపించింది కూడా.

ఏడాది తిరక్కుండా ప్లాంటు మూతపడింది. సన్న బంగారం అంతా చెరువుకే పోతుంటే ఎన్నాళ్లు నడుస్తుంది? మేస్త్రి అడిగిన రెండో బల్ల పెట్టి ఉంటే నడిచేదేమో. నేను ఎమ్మెస్సీ చదివి హిందూపురం వచ్చేశాను.

ఆయన ఏం చేశారో కొంత విన్నాను, కొంత తర్వాత ఆయనే చెప్పారు. చేతిలో ఉన్నది మట్టి కడిగే విద్య. ధర్మవరంలో, హిందూపురంలో నగలు చేసేవాళ్ల అంగళ్లలో ఊడ్చిన దుమ్ము కొని, కాల్చి, కడిగి, అందులో రాలిన బంగారం తీసి బతికేవాళ్లు ఉన్నారు. ఆ పని ఆయనకు కళ్లు మూసుకున్నా వస్తుంది. నాలుగు అంగళ్లు తిరిగారట. నలుగురికీ సంగతి ముందే తెలుసు. బంగారం దగ్గర దొంగ అనిపించుకున్న మనిషిని బంగారపు దుమ్ము దగ్గరికి ఎవరు రానిస్తారు? గాండ్లపెంట దిక్కు ఎవరి గొర్రెలో మేపారు కొన్నాళ్లు. చెనిక్కాయలు పెరికే కూలికి పోయారు. భార్య పోయాక, ధర్మవరంలో మగ్గం నేసే ఇంట్లో పనిచేసే కూతురి దగ్గరికి చేరారు.

మధ్యలో ఒకసారి పెనుకొండ స్టేషన్‌లో కనిపించారు. ప్లాట్‌ఫారం మీద గోనెసంచి పక్కన పెట్టుకుని కూర్చున్నారు. తలకు నూనె రాసుకుని ఉన్నారు. జుట్టు అణిగి, నున్నగా, ఇంకెవరి తలో అయినట్టుంది. అది చూసి రెండడుగుల ఇవతలే ఆగిపోయాను. ఆయనే లేచి నిలబడ్డారు.

“బాగుండావా మేడమ్?”

పాప అనలేదు. బాగున్నానని, కాలేజీలో ఉద్యోగమని, అమ్మ బాగుందని చెప్పాను. “మీరెట్లుండారు మామా?” అంటే “ఉండాను,” అన్నారు. రైలు వచ్చింది. ఎక్కేశాను. నాలుగు నిమిషాలు దొరికాయి, ఆ నాలుగు నిమిషాలూ నా క్షేమసమాచారాలే చెప్పాను. ఆదివారాలు చర్చిలో అందరం కలిసి తప్పులు ఒప్పుకునే ప్రార్థన ఒకటి ఉంటుంది. గుంపులో గొంతు కలిపి చదువుతాం. ఎన్నేళ్లు చదివానో. గుంపులో ఒప్పుకోవడం ఎంత సులువో నన్నడగండి.

పోయిన ఏడాది వానలు మొదలైనప్పుడు, ఆయనకు ఊపిరి ఆడటం లేదని, రాతి దుమ్ము ఊపిరితిత్తులు తినేసిందని, పాత ప్లాంటులో పనిచేసిన ఒకామె చెప్పింది. ఆ ఆదివారం ధర్మవరం పోయాను. రెండు గదుల ఇల్లు. ముందు గదిలో మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చున్నారు. కూతురు టీ ఇచ్చి పనికి వెళ్లింది. ఆయన అడగకుండానే చెప్పేశాను. అరగంటకే నీళ్లు వంచేసినట్టు, అబద్ధం చెప్పినట్టు, మర్నాడు పరీక్ష చేసి చూసినట్టు, చూసి కూడా నోరు విప్పనట్టు. చెబుతున్నంతసేపూ ఆయన చేతి వేళ్లనే చూస్తూ ఉన్నాను.

ఆయన చాలాసేపు ఊపిరి తీసుకున్నారు.

“నాకు కోపం లేదని చెప్పను పాపా. ఉండాది. తప్పు చేసినావని కాదు. బక్కెట్టు వంచేది ఎవరైనా చేస్తారు. ఆ మేనేజరు అడిగినప్పుడు నువ్వు నా మొగం చూడకుండా చెప్పినావే, అది మనసులోంచి పోల్యా నాకు. నువ్వు చెప్తావనుకొంటి. ఆ గదిలోకి వచ్చేటప్పుడు గూడా, పాప వచ్చింది, ఇంక చెప్తాది అనుకొంటి.”

నేను ఏడ్చాను. ఆయన ఏడవొద్దనలేదు.

“ఊరోళ్లు అడిగితే అడగనీ. మా ఇంటామె గూడా అడిగె. ఒక పొద్దు సంగటి పెడ్తా, ‘నిజం చెప్పు, తీసినావా?’ అనె. లేదంటి. ఊఁ అనె. మళ్లెప్పుడూ అడగల్యా. నమ్మిందో లేదో నాకు తెలీకుండానే పోయింది.”

వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర ఉండగా పిలిచారు.

“పాపా. ఒక పని చేస్తావా? నాతో చెప్తే ఏమొస్తాది, నాకు తెలిసిందే కదా. మా ఊరికొచ్చి నలుగురిలో చెప్పు. నేనూ వస్తా. కారు మాట్లాడుకోని పోదాం. నేను పక్కన కూర్చోనుంటా, నువ్వు చెప్పు.”

తప్పకుండా అన్నాను. కూతురికి నా నంబరు ఇచ్చాను. సెలవులు రానీ మామా అన్నాను. దసరా సెలవుల్లో అమ్మకు మోకాలి ఆపరేషన్ అయింది. తర్వాత పరీక్షలు, తర్వాత పేపర్లు దిద్దడం. ఇవన్నీ నిజమే. ఒక్కటీ అబద్ధం కాదు. కానీ హిందూపురం నుంచి పెనుకొండ ఎంత దూరం? ప్రతి నెలా అమ్మను చూడటానికి పోతూనే ఉన్నాను. అక్కడి నుంచి ఆయన ఊరు దగ్గరే. ఆ ఊళ్లో నలుగురి ముందు నిలబడటం నాకు భయం. ఆయన చివరి రోజులు ఆ భయానికే ఖర్చయ్యాయి.

బుధవారం మధ్యాహ్నం రెండు గంటలకు ఆ ఊరు చేరాను. ఇంటి ముందు షామియానా కింద ఆయన్ను పడుకోబెట్టారు. ఊరివాళ్లు ఒక ముప్పై మంది ఉన్నారేమో. ధర్మవరంలో కూతురితో పనిచేసే ఆడవాళ్లు నలుగురు. ఏడుపులు పెద్దగా లేవు. కూతురు నన్ను చూసి లేచి వచ్చింది.

“మేడమ్ వస్తాది, ఒక మాట చెప్తాది, నువ్వు అడ్డం పోవద్దని నాయన చెప్పి పెట్టినాడక్కా. ఏం మాటో చెప్పల్యా. ఆదివారం ఆదివారం అడుగుతాండె, మేడమ్ ఫోన్ చేసిందా అని.” “ఇప్పుడు చెప్తావా?” అంది.

నేను ఆయన తల దగ్గర నిలబడ్డాను. నేనెవరో చెప్పాను. ఈయన ఏమీ తీయలేదు అన్నాను. ఎవరికీ అర్థం కాలేదు. బల్లలూ బక్కెట్లూ చెబితే ఎలా అర్థమవుతుంది? కల్లంలో రాగులు తూర్పారబట్టే సంగతి ఎత్తుకున్నాను.

“గాలికి పొట్టుతో బాటు సన్న గింజ గూడా ఎగిరిపోతాది కదా. ఆ పొట్టులో గింజ ఉందా లేదా అని చూసే పని నాది. నేను సరిగ్గా చూడకుండానే పారేసి, ఏమీ లేదని రాసిచ్చినా. గింజ తగ్గింది, తూర్పారబట్టినోడు దొంగ అన్న్యారు. దొంగతనం జరగల్యా. గింజ పొట్టులోనే పోయింది. నాకు తెలుసు. తెలిసి గూడా చెప్పల్యా. ఈయన మేనేజరుకు ఉన్నదున్నట్టు చెప్పినాడు. నేనే అబద్ధమాడినా.”

ఒక అవ్వ కూర్చున్నచోటి నుంచే, “ఇన్నేండ్లకామ్మా?” అంది.

కూతురు తండ్రి కాళ్ల దగ్గర కూర్చుంది. నా వైపు చూడలేదు. “మా అమ్మ ఇనింటే బాగుండు,” అంది, తనలో తాను. అని కొంగు నోట్లో కుక్కుకుంది. ఆమె నన్ను క్షమించిందని రాయడానికి ఇక్కడ ఏ ఆధారమూ లేదు. పొద్దుగూకి నేను బయల్దేరేటప్పుడు కూడా మాట్లాడలేదు.

వీధికి అవతల, ఎదురింటి అరుగు మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నారు. ఇటు రాలేదు, అక్కడి నుంచి లేచీ పోలేదు. ఎవరని అడిగితే, మేస్త్రికి బావమరిది, భార్యకు అన్న అని పక్కామె చెప్పింది. ఇల్లు వెతికిన రోజు నుంచి ఆ గడప తొక్కలేదట. చెల్లెలు పోయినప్పుడు కూడా అదే అరుగు మీద కూర్చుని, అక్కడి నుంచే లేచి వెళ్లిపోయాడట. నేను చెబుతున్నప్పుడు ఆయనకు వినపడిందో లేదో నాకు తెలియదు. ఎవరో కుర్రవాడు వీధి దాటి పోయి ఆయన చెవి దగ్గర వంగి మాట్లాడటం మాత్రం చూశాను.

పాడె లేపే వేళయింది. మేళగాడు తప్పెట ఎత్తుకున్నాడు. నలుగురు మగవాళ్లు నాలుగు మూలలా వంగారు. అప్పుడు ఆ ముసలాయన అరుగు దిగారు. వీధి దాటడానికి చాలాసేపు పట్టింది. ఒక మోకాలు సరిగా వంగదు. వచ్చి, ముందు కుడి మూల పట్టుకున్న మనిషి భుజం మీద చేయి వేశారు.

“నువ్వు జరుగప్పా.”

“నీ చేత కాదులే పెద్దాయనా. అంత దూరం యాడ నడుస్తావు?”

“జరుగంటి కదా.”

ఆయన తలమీది తువ్వాలు తీసి, మడిచి, భుజం మీద వేసుకుని, పాడె కర్రను దాని మీదికి ఎత్తుకున్నారు. మిగిలిన ముగ్గురూ వయసులో ఉన్నవాళ్లు. మొదటి నాలుగడుగులు పాడె ముందుకు లాక్కుపోయినట్టయింది, ముసలాయన తూలారు. ముగ్గురూ వాళ్లంతట వాళ్లే అడుగు తగ్గించారు. తప్పెట కొట్టేవాడు వెనక్కి తిరిగి చూసి, వాడూ దెబ్బ తగ్గించాడు. ఆడవాళ్లం ఇంటి ముందరే ఆగిపోయాం. పెరికిన చెనిక్కాయల చేల మధ్య బండిబాటలో పాడె చాలా మెల్లగా, ఒక మూల కాస్త దిగి, పోతూ ఉంది. మలుపు దగ్గర ముసలాయన ఆగారు. అందరూ ఆగారు. ఆయన కర్రను ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకునేదాకా నిలబడి, మళ్లీ ఆయన అడుగేశాకే అడుగేశారు.